సంతకం చూసి కత్తి కొనేవారికి

ఉగాదికి ఊరికి వచ్చిన మా పినతండ్రి కుమారుడు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే చేతి ఫోను నా ముఖానికి ఆనించినంత పని చేశాడు. ఉండేది బెంగళూరు, చేసేది సాఫ్ట్‌వేరు, చేతినిండా జీతం, ఇంకా పెళ్ళి కాలేదు. ఇటువంటివారికి పట్టే పిచ్చి సాధారణంగా బండ్ల మీదో కెమెరాల మీదో ఉంటుంది. మావాడికి జపాను కత్తుల మీద పట్టింది. తెర మీద ఒక కత్తి. ధర రెండు లక్షల ఎనభై వేలు. తొమ్మిది ఫోటోలు ఉంటే అందులో ఆరు ఫోటోలు పిడిలోకి దూరే ఇనుప తోక మీద చెక్కిన నాలుగు అక్షరాలవి. కింద ఒక కథ: అమ్మేవారి తాతగారు రెండవ ప్రపంచయుద్ధంలో బర్మాలో పోరాడారట, 1945లో లొంగిపోయిన జపాను అధికారి చేతి నుంచి అందుకున్నారట.

"సంతకముంది కదన్నా, ఇంకేం గావాల?" అన్నాడు.

ఈ నాలుగు మాటలు అంతటితో పోనివ్వదగినవే. కాని అవి విన్నప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకంటే ఇవే మాటలు కొన్నేళ్ళ క్రితం నేనే అన్నాను, కత్తి గురించి కాదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు ఆ సంతకం ఎక్కడ ఉంటుందో చూడండి. జపాను కత్తికి పిడి వేరు, అలుగు వేరు. అలుగు చివర పదును లేని తోకను చెక్కపిడిలోకి దూర్చి, అడ్డంగా ఒక చిన్న వెదురు మేకు దిగగొడతారు. ఆ తోకను వారు నకాగో అంటారు. కమ్మరి తన పేరును చెక్కేది దాని మీదనే. అంటే కత్తిని మొలకు కట్టుకు తిరిగినవాడికి గాని, దానికి బలైనవాడికి గాని కనబడని చోట. మేకు ఊడదీసి పిడి లాగితే తప్ప ఆ పేరు వెలుగు చూడదు. అంతటి మరుగున ఉన్న అక్షరాలు నేడు అమ్మకపు పుటలో అన్నిటికంటె ముందు, అన్నిటికంటె పెద్దగా కనబడుతున్నాయి. కత్తి ఎట్లా ఉందో చూపించక, కత్తి మీది పేరు ఎట్లా ఉందో చూపించేవాడు ఏమి అమ్ముతున్నట్టు?

దొంగసంతకం జపానులో నిన్న మొన్న పుట్టింది కాదు. దానికి గిమేయి అని ఒక పేరే ఉంది. కత్తి ఎంత పాతదో ఈ విద్య కూడా దాదాపు అంత పాతది. 17వ శతాబ్దపు నాగసోనె కొతెత్సు పేరు ఎంతగా దొంగిలించబడిందంటే, కొతెత్సు సంతకం కనబడితే ముందు అనుమానించమని ఆ విద్య తెలిసినవారే చెబుతారు. షిన్సెన్‌గుమి నాయకుడు కొందో ఇసామి గర్వంగా ధరించిన కొతెత్సు అసలుదా కాదా అన్న వాదం నేటికీ తెగలేదు. ఆ కత్తితో బతికినవాడికే తెలియనిది, ఫోనులో బొటనవేలితో పైకి జరిపి చూసేవాడికి తెలుస్తుందా?

దీనికి ఎదురు సంగతి ఇంకా రుచికరమైనది. జపాను కమ్మరులందరిలోకీ గొప్పవాడని పేరుపడ్డ మసామునె చేసినవని చెప్పే కత్తుల్లో సంతకం ఉన్నవి బహు అరుదు. పైగా పాతకాలపు పొడుగు కత్తులను తరువాతి తరాలవారు తమ వాడుకకు తగ్గట్టు తోకవైపు నుంచి కోసి కురచ చేసుకున్నారు. ఆ కోతలో సంతకమూ పోయింది. అందుచేత ఆ దేశంలో అమూల్యమైన కత్తులు ఎన్నో అనామకాలే. సంతకం ఉండటం అసలుకు గుర్తు కాదు, లేకపోవడం నకిలీకి గుర్తు కాదు. ఇక ఆ నాలుగు అక్షరాలకు రెండు లక్షల ఎనభై వేలు ఎందుకు?

మరి వారు ఎట్లా తేలుస్తారు? ఇది తెలిసినప్పుడు నేను కొంతసేపు ఊరక కూర్చుండిపోయాను. కత్తిని గుర్తుపట్టే విద్యను వారు కాంతేయి అంటారు. అభ్యాసం కోసం కూర్చున్నప్పుడు చేసే మొదటి పని తోకను కప్పివేయడం. సంతకం కనబడకూడదు. అలుగును మాత్రమే చేతికిస్తారు. వంపు ఎక్కడ మొదలయింది, మొన ఎంత పొడవు, వెడల్పు ఎట్లా సన్నబడుతూ పోయింది, ఇవి చూస్తే ఏ కాలమో తెలుస్తుంది. మడిచి మడిచి కొట్టిన ఉక్కు ఒంటి మీద చెక్కలోని చారల వంటి నేత ఒకటి కనబడుతుంది. అది ఏ ప్రాంతపు పద్ధతో చెబుతుంది. ఆ తరువాత పదును వెంబడి పాకే తెల్లని అంచు, హమోన్. అలుగుకు మట్టి పూసి, పదును వైపు పలుచగా, వీపు వైపు మందంగా ఉంచి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచినప్పుడు పుట్టేది అది. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే దానిలో మంచుబిందువుల వంటి రవ్వలో, పొగమంచు వంటి చారో కనబడుతుంది. ఇవన్నీ చూసి, కమ్మరి పేరు ఊహించి కాగితం మీద రాసి ఇస్తారు. సంతకం విప్పేది ఆ తరువాతనే.

అంటే సంతకం అక్కడ ప్రశ్నకు జవాబు కాదు. అప్పటికే చెప్పిన జవాబుకు అది ఒక సాక్షి. సాక్షి చెప్పిన మాట వస్తువు చెప్పిన మాటతో పొసగకపోతే తోసిపుచ్చేది సాక్షినే.

ఫోటోలలో ఇందులో ఎంత కనబడుతుంది? నకిలీ చేసేవారు ఆ తెల్లని అంచును ఆమ్లంతో తినిపించి గీస్తారు, లేదా తీగ కుంచెతో రుద్ది పుట్టిస్తారు. ఎదురుగా తీసిన ఫోటోలో అది అసలు దానికంటె అందంగా, కొట్టవచ్చినట్టు కనబడుతుంది. అసలు హమోన్ సిగ్గరి. వెలుగును సరిగ్గా పట్టితే తప్ప బయటపడదు. తోక మీది తుప్పు సంగతీ అంతే. వందల ఏండ్ల తుప్పు నల్లగా, నున్నగా, లోతుగా ఉంటుంది. అక్షరపు గాడిలోపలి తుప్పు, బయటి తుప్పు ఒకే వయసువి కావాలి. పాత తుప్పు మీద కొత్త ఉలి పడితే గాడి అంచులు చెబుతాయి. అందుకే తెలిసినవారు తోకను తోమరు. తోమితే చరిత్ర పోతుంది, ధరా పోతుంది. మావాడు చూపిన ఫోటోలో తోక ఇత్తడి చెంబులా మెరుస్తున్నది! "నీట్‌గా మెయింటైన్ చేసినారు" అని మావాడి మెచ్చుకోలు.

తాతగారి కథలో అబద్ధం ఉండి తీరాలని నేను అనను. 1945లో బర్మాలోను, మలయాలోను జపాను సేనలు లొంగిపోయినప్పుడు వేలాది కత్తులు చేతులు మారాయి. భారతీయ సైనికులకూ కొన్ని దక్కాయి. కాని ఆ యుద్ధకాలపు కత్తుల్లో పెద్ద పాలు కార్ఖానాలలో తయారైనవి. తొంభయి అయిదవ నమూనా అని చిన్న హోదాల వారికి ఇచ్చిన కత్తి అలుగు యంత్రంతో చేసినది, పిడి పోతపోసిన లోహం, ఒంటి మీద వరుససంఖ్య. ఇక అధికారుల కత్తుల్లో సెకి పట్టణపు కమ్మరుల సంతకాలు ఉన్నవి చాలానే ఉన్నాయి. ఆ సంతకాలు దొంగవి కావు. అవి నిజంగా ఆ మనుషులవే. అయితే అలుగు మాత్రం సంప్రదాయ పద్ధతిలో మడిచి, మట్టి పూసి, నీట ముంచినది కాకపోవచ్చు. మర సుత్తితో సాగదీసి నూనెలో ముంచినది కావచ్చు. అట్టివాటి తోక మీద చాలాసార్లు ఒక చిన్న ముద్ర కూడా ఉంటుంది. ఆ ముద్రను చదవడం తెలిసినవాడికి సంతకంతో పనే లేదు. చూశారా తమాషా: సంతకం నిజం, కథా నిజమే కావచ్చు, కాని కొన్నవాడు తాను కొన్నానని అనుకున్న వస్తువు మాత్రం అక్కడ లేదు.

కాగితాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. జపానులో 1948లో పుట్టిన కత్తుల పరిరక్షణ సంఘం ఒకటి, ఎన్.బి.టి.హెచ్.కె. అని ప్రసిద్ధం, కత్తులను పరిశీలించి పత్రాలిస్తుంది. అది గౌరవించదగిన పనే. కాని 1982లో వారే పాత పత్రాల పద్ధతిని మార్చి కొత్త తరగతులు పెట్టారు. పాత రంగు కాగితాలను జాగ్రత్తగా చూడమని కత్తులు ఎరిగినవారంటారు. ఇక మావాడి అమ్మకందారు చూపినది అది కూడా కాదు. అక్కడి ప్రాంతీయ విద్యామండలి ఇచ్చే నమోదు చీటీ. అది కత్తి జపానులో చట్టబద్ధంగా ఉంచుకోదగినదని చెప్పే చీటీ మాత్రమే. సంతకం అసలుదని అది ఎక్కడా అనదు. అంతకంటె విశేషం, కత్తి దేశం దాటేటప్పుడు ఆ చీటీని అక్కడే అప్పగించి రావాలి. బర్మాలో లొంగినప్పుడు తాతగారికి దక్కిన కత్తికి, యుద్ధం ముగిసిన తరువాత మొదలైన నమోదు చీటీ ఎట్లా అంటుకుంది? నేనీ ప్రశ్న అడిగినప్పుడు మావాడు కాసేపు ఆలోచించి, "అది బోనస్ అనుకో అన్నా" అన్నాడు.

జపాను సంగతి మనకెందుకు అనేవారు ఉంటారు. మనకే ఎక్కువ కావాలి. ఉక్కు మీది సంతకాల నకిలీలో మన దక్కను తక్కువ తినలేదు. ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరు చెక్కిన అలుగులు ఒక మనిషి ఆయుష్షులో చేయగలిగినవాటికి ఎన్నో రెట్లు దొరుకుతాయి. ఆ పేరు ఒక మనిషి పేరుగా మొదలై, మంచి ఉక్కుకు బిరుదుగా మిగిలిపోయింది. ఐరోపా అలుగులకు ఇక్కడ గిరాకీ ఉన్న రోజుల్లో, ఫిరంగీ కత్తి అని పేరు పెట్టి, జెనోవా ముద్రలను, జర్మనుల తోడేలు బొమ్మను మన కమ్మరులూ దింపారు. ఇక్కడ నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చే సంగతి ఒకటుంది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలో కరిగించిన ఉక్కును కొనుక్కుపోవడానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్ళలో హెన్రీ వాయిసీ రాశాడు. ఉక్కు మనది. పేరు వారిది. ఆ పేరును మళ్ళీ దొంగిలించి మన కత్తి మీద చెక్కుకున్నదీ మనమే. కోనసముద్రపు కొలిమి ముందు చెమటోడ్చినవాడి పేరు మాత్రం ఏ అలుగు మీదా లేదు.

ఇప్పుడు మా పెనుకొండకు వద్దాం. జపాను కత్తి వద్దంటే మావాడు ఊరుకున్నాడా? మరో పుట తెరిచాడు. "పెనుకొండ కోటలో దొరికిన రాయలవారి ఖడ్గం", పిడి మీద తెలుగు లిపిలో శ్రీ కృష్ణదేవరాయ అని అందంగా, ఇప్పటి పాఠ్యపుస్తకపు అచ్చక్షరాలను తలపించేటట్టు చెక్కి ఉంది. 1509 నుంచి 1529 వరకు ఏలిన ఆ మహారాజు తామ్రశాసనాల చివర కూడా తన పేరు రాయించలేదు. ఆ శాసనాల చివర ఉండే చేవ్రాలు కన్నడ లిపిలో శ్రీ విరూపాక్ష. 1565 తళ్ళికోట తరువాత పెనుకొండకు తరలివచ్చిన ఆరవీటివారి కాలంలో అది శ్రీ వేంకటేశ అయింది. భూములు దానమిచ్చిన పత్రం మీదనే దేవుడి పేరు పెట్టినవాడు, ఏ భటుడి కత్తి మీదనో తన పేరు రాయించాడట! సంతకం కావాలని మనం అడుగుతున్నాం కనుక సంతకం తయారయింది. ఇందులో దొంగ ఒక్కడే కాడు.

పోనీ, అది అసలుదే అనుకోండి. అప్పుడు మరీ ఘోరం. మా ప్రాంతంలో పాతగుళ్ళూ కోటగోడలూ గుప్తనిధుల కోసం తవ్విన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు? నేలలో దొరికిన నిధి పది రూపాయల పైన విలువచేసేదైతే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. నూరేండ్లు నిండిన వస్తువును అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదని, దేశం దాటించరాదని 1972 నాటి పురావస్తువుల చట్టం. కోటలో దొరికిందని బాహాటంగా రాసి అమ్ముతున్నవాడు నిజం చెబితే దొంగసొత్తు అమ్ముతున్నాడు, అబద్ధం చెబితే మనలను మోసగిస్తున్నాడు. కొనేవాడికి మూడవ దారి ఎక్కడుంది? కత్తి కొనుగోలుకు ఆయుధాల చట్టం సంగతి వేరే ఉంది. దాని జోలికి పోతే ఈ టపా తెమలదు.

2023 మే నెలలో లండనులో టిప్పు సుల్తాను కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయినప్పటి నుంచి ఈ జ్వరం ఎక్కువైంది. దాని మీదా అక్షరాలున్నాయి, నిజమే. కాని దానికి ఆ ధర తెచ్చినది అక్షరాలు కావు. 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు బెయిర్డు చేతికి వచ్చిన నాటి నుంచి అది ఎవరెవరి దగ్గర ఉన్నదో చెప్పే గొలుసు. ఆ గొలుసు లేని అక్షరాలు సంతలో పచ్చబొట్టు వంటివి.

ఇక నా సంగతి. దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు.

మా అమ్మాయి పెళ్ళికి ధర్మవరం పట్టుచీర కావలసి వచ్చింది. హిందూపురంలో పుట్టి పెరిగినవాడిని. పట్టుగూళ్ళ మార్కెట్టు వాసన పీలుస్తూ బడికి పోయినవాడిని. రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం పూటలో పోయి రావచ్చు. అయినా జాలంలో కొన్నాను. ఎందుకంటే అక్కడ చీరతో పాటు ఒక అట్టముక్క వస్తుందన్నారు. దాని మీద నేసినవారి పేరు, కింద సంతకం. చీర కొసకు పట్టుగుర్తు బిళ్ళ. ఇన్నాళ్ళకు నేతగాడికి పేరు దక్కిందని నాకు కళ్ళు చెమర్చాయి కూడా. మా ఆవిడ "ఒకసారి పోయి చూసి తెస్తే ఏం?" అంటే, "సంతకం ఉంది కదా, ఇంకేం కావాలి?" అన్నాను. అవును, అవే మాటలు.

పెళ్ళి అయిన తరువాత ధర్మవరంలో మాకు వరసకు పెదనాన్న అయ్యే ఒక వృద్ధుడికి ఆ చీర చూపించాను. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి యాభై ఏండ్లు నేసిన మనిషి. అట్టముక్కను తీసి పక్కన పెట్టాడు. చదవలేదు. చీరను తిరగేశాడు. అంచు మీద, కొంగు మీద, ఒడిలో, అక్కడక్కడ వేలితో తడుముతూ ఒక కొస నుంచి మరో కొస దాకా పోయాడు. అంచున సూది చుక్కలు ఉన్నాయి కదా అన్నాను, చేనేతకు అది గుర్తని ఎక్కడో చదివి. "మర మగ్గం మీదా పడతాయి నాయనా" అన్నాడు. చివరికి మడిచి నా చేతికిస్తూ, "ఇంత పొడుగు చీరలో ఒక్క తావున గూడా చెయ్యి అలిసిన గుర్తు లేదు. మనిషి నేసింది కాదప్పా" అన్నాడు. అంచు జరీని గోటితో గీరితే రాగి తొంగిచూసింది. ఆయన నా ముఖం చూడకుండా మంచినీళ్ళు తెమ్మని ఇంట్లోకి కేకవేశాడు.

ఆ బిళ్ళ అబద్ధం చెప్పిందా? లేదు. 2004లో మొదలైన పట్టుగుర్తు చెప్పేది ఒక్కటే, నూలు అసలైన పట్టు అని. మా చీర పోగు కాల్చి చూశాం. వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే బూడిద. పట్టే. చేతితో నేసిందని ఆ బిళ్ళ అనలేదు. 2006లో వచ్చిన చేనేత గుర్తు వేరు. ధర్మవరం పేరుకున్న భౌగోళిక గుర్తింపు ఊరికీ, పద్ధతికీ దక్కినది. ఒక్కొక్క చీరను పరీక్షించి ఇచ్చినది కాదు. ఒకదానికి ఉన్న గుర్తును చూపి మరొకదాన్ని నమ్మించడం, సరిగ్గా ఆ జపాను నమోదు చీటీ కథే. ఇక సంతకం చేసిన నేతగాడు ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. ఉంటే, అతని పేరును కూడా ఎవరో కొతెత్సు పేరులా వాడుకున్నట్టే.

ఇందులో పోయేది నా డబ్బు మాత్రమే అయితే ఇంత రాయను. అంచులూ కొంగులూ అదనపు పోగుతో తీర్చిన పట్టుచీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ చట్టం ఉండగానే మర మగ్గం మీది చీర చేనేత పేరుతో, చేనేత ధరకు పోతున్నది. భార్య కండెలు చుట్టి, భర్త నాడె ఆడించి, ఇద్దరూ కలిసి రోజుల తరబడి దించిన చీర, దాని పక్కన "ఖరీదెక్కువ" అని నిలిచిపోతున్నది. ఆ ఊళ్ళో అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ వార్తలు మనం చదివాం, పుట తిప్పాం. నేను కొన్న సంతకం, అటువంటి ఇంటికి చేరవలసిన కూలిని దారి మళ్ళించింది. నేను మోసపోయాననడం సగం నిజం. మిగతా సగం చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అందరూ కత్తి పండితులూ నేత పండితులూ కాలేరు, పత్రం లేకపోతే సామాన్యుడు ఏం చేస్తాడని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పత్రాలను పారేయమని నేననను. ఏ పత్రం ఏ ముక్క చెబుతున్నదో చదవమంటున్నాను. చీర వెనుకవైపు ఫోటో అడగండి. తోకను నిండుగా చూపమనండి. అలుగును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి తీయమనండి. కాదని తేలితే వెనక్కి తీసుకుంటానని రాసి ఇమ్మనండి. అసలు సరుకున్నవాడికి ఇవి కష్టమైన కోరికలు కావు. ఇవి ఏవీ వీలుకాకపోతే, ధర్మవరం రైలు ఉండనే ఉంది.

మావాడు నా మాట మన్నించి ఆ కత్తి అమ్మేవాడికి రాశాడు. తోక రెండువైపులా నిండుగా, అలుగు ఏటవాలు వెలుగులో, పిడి దగ్గర ముద్ర ఏదైనా ఉంటే అదీ పంపమని. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఒకే ఒక్క ఫోటో. అవే నాలుగు అక్షరాలు, ఈసారి ఇంకా పెద్దగా.